తేజేశ్వర్ ఎడమకాలు

రాజంపేటలో రైల్వేస్టేషనుకు పోయే వీధిలో ఒక స్టీలు సామాన్ల అంగడి ఉంది. రోజూ ఎనిమిదిన్నరకు ఇద్దరు ఆడవాళ్లు దాన్ని తెరిచేవాళ్లు. షట్టరు ఎత్తేది కోడలు పద్మప్రియ. గడప ముందర నీళ్లు చల్లి, లోపల వాసవమ్మ పటానికి అగరొత్తి వెలిగించేది అత్త సుందరలక్ష్మి. తర్వాత ఇద్దరూ కలిసి బకెట్లు, బిందెలు, పాలక్యాన్లు బయట కొక్కేలకు తగిలించేవాళ్లు. పదింటికల్లా పద్మప్రియ చిన్న మిషను ముందు కూర్చుని, పెళ్లిళ్లకు కొన్న గిన్నెల మీద పేర్లు కొట్టేది. చుట్టుపక్కల ఊళ్లలో సగం ఇళ్ల గిన్నెల మీద ఉన్నది ఆమె చేతిరాతే.

అంగడి బోర్డు మీద మాత్రం తేజేశ్వర్ పేరు ఉండేది. సుందరలక్ష్మికి అతనొక్కడే కొడుకు. ఏడేళ్ల కిందట, పెళ్లయిన పద్నాలుగో నెలలో, మద్రాసుకు సరుకు చూడటానికి పోతున్నానని పొద్దున రైలెక్కాడు. సాయంత్రానికి ఫోను ఆగిపోయింది. మళ్లీ రాలేదు. పోలీసులకు చెప్పారు. సుందరలక్ష్మి తమ్ముడు రేణిగుంట నుంచి మద్రాసు దాకా ఆస్పత్రులన్నీ తిరిగి వచ్చాడు. ప్రమాదం జాడ లేదు. ఇంట్లో గొడవ లేదు. పద్మప్రియ అతని బీరువాలో బట్టలన్నీ దులిపి చూసింది, ఒక చీటీ ముక్క కూడా దొరకలేదు.

"నా కొడుకు బతికే ఉండాడు." ఏడేళ్లూ సుందరలక్ష్మి ఈ ఒక్క మాట మీదే బతికింది. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారు అనుకునేది. తలకు దెబ్బ తగిలి పేరు మరిచిపోయి ఉంటాడు అనుకునేది. భాష రాని ఊర్లో ఏ జైల్లోనో పెట్టి ఉంటారు అనుకునేది. కోడలి మెడలో తాళి, నుదుట బొట్టు ఉన్నంతకాలం వాడికేమీ కాదని ఆమె నమ్మకం. పేరంటాల్లో పద్మప్రియకు తాంబూలం ఇవ్వాలా వద్దా అని ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్లు. అది రెండుసార్లు గమనించాక పద్మప్రియ పేరంటాలకు పోవడం మానేసింది.

ఆ ఏడాది కార్తీకమాసంలో ప్రొద్దుటూరు నుంచి పద్మప్రియకు ఒక సంబంధం వచ్చింది. అతని పేరు ప్రదీప్‌కుమార్, మందుల షాపు ఉంది. మూడేళ్ల కిందట భార్య డెంగీతో పోయింది. అంగడికి వచ్చి టిఫిను క్యారియరు ఒకటి కొన్నాడు. దాని మీద ఏం పేరు కొట్టమంటారని పద్మప్రియ అడిగితే, "పేరేమీ వద్దండీ, ఒక్కడినే తినేది" అన్నాడు. గంటసేపు కూర్చుని పోయాడు. పోయిన తర్వాత పద్మప్రియ మిషను ఆన్ చేసి, ఏ గిన్నే తీసుకోకుండా ఊరికే కూర్చుంది.

ఆ సాయంత్రం సుందరలక్ష్మే మాట ఎత్తింది.

"ప్రొద్దుటూరోళ్లకు ఏం చెప్పమంటావు?"

"నన్నెందుకు అడుగుతావత్తా? నువ్వు చెప్పిందే గదా."

"వాడు బతికుండాడు పద్మా. నా కడుపుకు తెలుసు."

పద్మప్రియ గొంతు పెంచలేదు. "అట్లయితే పోయి చూద్దాం పా. పాదాలగుట్టకు పోదామని ఏడేండ్ల నుంచి అడుగుతాండా. చేయి పెట్టి చూడు. ఎచ్చగా ఉంటే నేను ఈ తాళితోనే ఉంటా. ఇంగ ఎవుర్నీ మన గడప తొక్కనీను. చల్లగా ఉంటే మాత్రం నన్ను ఇడిసిపెట్టు అత్తా. నాకు శానా అలసటగా ఉండాది."

పాదాలగుట్ట కర్నూలు వైపు, ఓర్వకల్లు దాటాక రాళ్లగుట్టల్లో ఉంది. పైన పాతకాలపు బౌద్ధ ఆరామం. ఇటుకల స్తూపం సగం కూలిపోయింది. భిక్షువులు ఉండిన గదులకు పునాదులే మిగిలాయి. స్తూపానికి పడమటి పక్క ఎకరం మేర పరుచుకున్న నల్లబండ ఉంది. చెప్పులు విడిచి ఆ బండ మీద నడిచినవాళ్ల అడుగులు అందులో నిలిచిపోతాయి. నడిచిన రోజు కనపడవు, ఒక వాన పడినాక తేలతాయి. మనిషి బతికున్నన్నాళ్లూ ఆ అడుగు వెచ్చగా ఉంటుంది. జబ్బు పడితే కాలుతుంది. చనిపోతే చల్లబడుతుంది. కువైట్‌కు పోయిన మొగుళ్ల నుంచి ఫోన్లు ఆగిపోతే కడప పక్క ఆడవాళ్లు ఆ గుట్టకే బస్సెక్కుతారు. తప్పిపోయినవాళ్ల కేసు రాసుకునేటప్పుడు పోలీసులు కూడా, "మనిషి ఎప్పుడన్నా పాదాలగుట్ట ఎక్కినాడా?" అని ఒక మాట అడుగుతారు.

తేజేశ్వర్ ఎక్కాడు. డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వాళ్లతో పోయి వచ్చాడు. పోలీసులు అడిగినప్పుడు సుందరలక్ష్మి ఆ సంగతి చెప్పింది గానీ ఎవరినీ పోనివ్వలేదు. పోయి చూడటమంటే అనుమానపడటమే అనేది. అసలు సంగతి భయం. ఆ భయం పద్మప్రియకు తెలుసు కాబట్టే ఇన్నేళ్లు ఒక్కతే బస్సెక్కి పోలేదు.

మార్గశిరంలో ఒక గురువారం అంగడి మూసి ఇద్దరూ బయలుదేరారు. సంచిలో చిత్రాన్నం, రెండు చీరలు, మూత ఉన్న రాగిచెంబు నిండా నీళ్లు. కడపలో బస్సు మారారు. మైదుకూరు దాటాక పొలాల్లో శనగ పచ్చగా ఉంది. ఆళ్లగడ్డ వచ్చినప్పుడు సుందరలక్ష్మి కిటికీలోంచి అహోబిలం దిక్కుకు దండం పెట్టింది. కొడుకు కోసం అక్కడ మొక్కని మొక్కు లేదు. దారి పొడుగునా ఆమె వాడి చిన్నతనం గురించే మాట్లాడింది. నాలుగేళ్లు వచ్చేదాకా పాలు మానలేదని, బడికి పోయిన మొదటిరోజు టీచరమ్మ కొంగు పట్టుకుని వదలలేదని. ఇవన్నీ పద్మప్రియ వందసార్లు విన్నవే. అయినా ఊ కొట్టింది.

రాత్రికి నంద్యాల సత్రంలో పడుకున్నారు. తెల్లవారే మొదటి బస్సుకు ఓర్వకల్లులో దిగి, ఆటోలో గుట్ట కిందికి చేరారు. చలిగాలి కొడుతోంది. మెట్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల ఉత్త బండ. సుందరలక్ష్మికి అరవై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. ప్రతి ఇరవై మెట్లకూ కూర్చుంది. పద్మప్రియ సంచి భుజానికి వేసుకుని, ఒక చేత్తో ఆమె మోచేయి పట్టుకుని ఎక్కించింది.

పైన ఒకే ఒక భిక్షువు ఉంటాడు. ఒకప్పుడు ఓర్వకల్లు కాడే లారీ తోలేవాడు, అప్పటి పేరు ఆంజనేయ. ఇప్పుడు అందరూ, భిక్షువులను పిలిచినట్టు, బంతే అంటారు. స్తూపం పక్కన రేకుల గది, ముందర ఒక బల్ల. ఇద్దరికీ నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. ఎవరి కోసం వచ్చారని అడగలేదు.

"ఎన్నేండ్లయిందమ్మా?" అన్నాడు.

"ఏడు," అంది పద్మప్రియ.

"చెప్పులు ఈడే విడవండి. ఎండ పడమటి పక్కకు వచ్చేది పదకొండుకు. అంతలోపలే చూసుకోవాల. ఎండ తగిలినాక అన్నీ ఎచ్చగానే ఉంటాయి."

బండ నిండా అడుగులు. పెద్దవి, చిన్నవి, ఒకదాని మీద ఒకటి, తప్పటడుగులు, కర్ర పొడిచిన గుంటతో సహా ముసలివాళ్ల అడుగులు. పాతకాలం భిక్షువులవి ఒక వరసగా స్తూపం చుట్టూ ఉన్నాయి, అవి ఎప్పుడో చల్లబడ్డాయి. తేజేశ్వర్ ఎడమకాలి చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి అంతే. మూడు నెలలు ఆముదం రాసి సాగదీసినా సరికాలేదు. ఆ గుర్తుతో వెతకాలి. పద్మప్రియ ఉత్తరం కొస నుంచి మొదలుపెట్టింది. సంచి తను తీసుకుని సుందరలక్ష్మి దక్షిణం కొస నుంచి.

గంట పట్టింది. దొరికింది సుందరలక్ష్మికే. బండ వాలులో, ఎండు గడ్డి కింద, ఎడమకాలు ఒక్కటే స్పష్టంగా ఉంది. చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది. ఆమె కొంగుతో గడ్డి తుడిచి, మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు మూసుకుని అరచేయి పెట్టింది.

వెచ్చగా ఉంది.

నీళ్లు పోసుకుని వచ్చిన బిడ్డ ఒళ్లులాగా వెచ్చగా ఉంది. కాలడం లేదు. జబ్బు లేదు. ఏ రోగమూ లేని, వేళకు తిని నిద్రపోతున్న మనిషి అడుగు అది. సుందరలక్ష్మి ఒళ్లంతా పులకరించింది. "పద్మా!" అని అరవడానికి నోరు తెరిచింది. తల ఎత్తింది.

బండ అవతలి కొసన పద్మప్రియ వంగి ఉంది. ఎవరిదో తెలియని అడుగులోంచి మన్ను కొంగుతో తుడిచి, వేళ్లు చూసి, తమది కాదని తెలిసి, పక్కదానికి జరుగుతోంది. ముప్పై మూడేళ్ల పిల్లకు చెవి దగ్గర జుట్టు నెరిసింది. సుందరలక్ష్మి అది ఇంతవరకూ చూడనేలేదు.

తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

వాడు బతికుండాడు. బాగున్నాడు. ఈ పొద్దు కూడా ఎక్కడో మంచం దిగి, ఈ కాలు నేల మీద పెట్టి ఉంటాడు. ఎవరూ ఎత్తుకుపోలేదు. ఏ జైల్లోనూ పెట్టలేదు. అంగడి ఫోను నెంబరు బోర్డు మీద ఇప్పటికీ అదే ఉంది, వాడికి కంఠతా వచ్చు. ఏడేళ్లలో ఒక్క పొద్దన్నా, అమ్మా, నేను బాగున్నా, నా కోసం చూడొద్దని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. వాడు బతికున్నాడని ఆమె అందరితో పోట్లాడింది గానీ, బతికుంటే ఏమిటో ఆ అడుగులో చేయి పెట్టేదాకా ఆలోచించలేదు.

ఇప్పుడు పిలిస్తే ఆ పిల్ల వస్తుంది. చేయి పెడుతుంది. మాట తప్పే మనిషి కాదు. ఇంటికి పోయి రేపు పొద్దున షట్టరు ఎత్తుతుంది, నేను పోయినాక కూడా ఎత్తుతుంది, వాడు రాని ఇంటికి వాడి బొట్టు పెట్టుకుని ముసలిదవుతుంది.

సుందరలక్ష్మి సంచిలోంచి రాగిచెంబు తీసింది. నీళ్లు చలికి గడ్డకట్టినట్టున్నాయి. మూత తీసి, కొడుకు అడుగులో పోసింది. నీళ్లు మడమలో నిండి, వేళ్ల సందుల్లోంచి పారాయి. చేయి పెట్టి చూసింది. అడుగున ఇంకా వెచ్చదనం ఊరుతోంది. మళ్లీ పోసింది. చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది.

"పద్మా," అంది అప్పుడు. "దొరికింది. రా."

పద్మప్రియ పరిగెత్తుకుంటూ వచ్చి కూర్చుంది. చిటికెనవేలు చూసింది. చేయి చాపడానికి భయపడి, చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత పెట్టింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు.

"నీళ్లు పోసినావా అత్తా?"

"మన్ను ఉండె. కడిగినా."

"నువ్వు చేయి పెట్టినప్పుడు ఎట్లుండె?"

సుందరలక్ష్మి జీవితంలో చిన్న చిన్న అబద్ధాలు చాలానే ఆడింది, వ్యాపారం చేసే మనిషి. కానీ ఈ మాటకు నాలుక తిరగలేదు. తల అడ్డంగా ఊపింది. పద్మప్రియ ఆ ఊపిన తల వంక చూసి, లేచి నిలబడింది.

"బంతే! ఒకసారి ఇట్ల రాండి."

ఆయన వచ్చాడు. అబద్ధం ఆడని వ్రతం ఆయనది, అది చుట్టుపక్కల అందరికీ తెలుసు. కువైట్‌కు పోయినవాళ్ల పెళ్లాలు ఏడుస్తారని కూడా చూడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్తాడు.

"మీరు చేయి పెట్టి చెప్పండి. మా అత్త నాకు చెప్పలేకపోతాంది."

బంతే వంగాడు. తడిలో అరచేయి ఆనించి ఉంచాడు. ఉంచి, సుందరలక్ష్మి మొహం చూశాడు. పక్కన పడి ఉన్న ఖాళీ చెంబు చూశాడు. సుందరలక్ష్మి ఆయన వైపు కాకుండా దూరంగా రోడ్డు మీద పోయే లారీలను చూస్తోంది.

"ఇప్పుడైతే చల్లగా ఉండాదమ్మా," అన్నాడు బంతే.

పద్మప్రియ నేల మీద కూలబడింది. ఏడ్చింది సుందరలక్ష్మి. "ఓ నాయనా, తేజా" అని గుండెలు బాదుకుని, శవం ముందు ఏడ్చినట్టు ఏడ్చింది. అందులో అబద్ధం లేదు. బండ మీద పిట్టలు లేచిపోయాయి. పద్మప్రియ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు తనూ ఏడ్చింది.

కొంతసేపటికి పద్మప్రియ మొహం కడుక్కోవడానికి గుట్ట మీది దోనకు, రాతిగుంటలో వాననీళ్ల దగ్గరికి, పోయింది. సుందరలక్ష్మి, బంతే మిగిలారు.

"మీకు దోషం తగలదు సామీ," అంది సుందరలక్ష్మి. "మీరు అబద్ధమాడలేదు. ఆడింది నేను."

బంతే బండ మీద ఇంకోచోటు చూపించాడు. "ఆడ నా అడుగు ఉండాది. లారీ తోలే కాలం నాటిది. ఒకరోజు లోడు దించి, తాళాలు ఓనరుకు ఇచ్చి, ఇంటికి పోకుండా గయకు రైలెక్కినా. తొమ్మిదేండ్లకు ఈడికి తిరిగొచ్చినా. ఒకనాడు ఈ గుడ్డలు కట్టుకుని గది ఊడుస్తాంటే నా పెండ్లాం వచ్చింది. నన్ను చూడలేదు. నా అడుగు మీద చేయి పెట్టింది, ఎచ్చగా ఉండాదని చూసుకుంది, దిగిపోయింది. పిలిచినా ఆగలేదు."

"ఎందుకు వచ్చేస్తివి సామీ?" సుందరలక్ష్మి ఆయన మొహంలోకి సూటిగా చూసింది. "ఇంట్లో ఏం తక్కువైంది? ఆమె ఏమన్నా అనిందా?"

"ఏమీ అనలేదు."

"మరి?"

"ఏమీ తక్కువ కాలేదమ్మా. తక్కువైంటే చెప్పే వచ్చింటా."

సుందరలక్ష్మి ఆ జవాబు అర్థం చేసుకోవడానికి ప్రయత్నించింది. కాలేదు. దిగేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగింది. చుట్టూ బండ మీద పారిన నీళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. తేజేశ్వర్ అడుగు మాత్రం అప్పటికే ఆరిపోయింది. ఆమె పద్మప్రియ భుజం పట్టుకుని, ఆ పిల్ల వెనక్కి చూడకుండా గబగబా దింపింది. మోకాళ్ల నొప్పి అప్పుడు తెలియలేదు.

కర్మలు పద్ధతి ప్రకారం చేశారు. శరీరం లేదు కాబట్టి చెయ్యేటి ఒడ్డున దర్భలతో బొమ్మ చేసి సుందరలక్ష్మి తమ్ముడు నిప్పు పెట్టాడు. పదో రోజు పిండాలు పెడితే ఒక్క కాకి రాలేదు. మధ్యాహ్నం దాకా చూశారు. బంధువులు గుసగుసలాడుతుంటే సుందరలక్ష్మి, "ఏట్లో నీళ్లుంటే గదా కాకులుండేది" అని గట్టిగా అంది. చివరికి పురోహితుడు దర్భతో కాకిని చేసి తాకించాడు. స్టేషను దగ్గర తేజేశ్వర్ ఫోటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ఏడేళ్లు నిండినందువల్ల కోర్టు కాగితం పెద్ద కష్టం కాలేదు. అడ్డుపడేది సుందరలక్ష్మి ఒక్కతే, ఇప్పుడు మొదటి సంతకం ఆమే పెట్టింది.

మాఘమాసంలో ప్రొద్దుటూరులో పద్మప్రియ పెళ్లి జరిగింది. తల్లీతండ్రీ లేని పిల్ల, పీటల మీద ఎవరు కూర్చోవాలని ప్రదీప్‌కుమార్ వాళ్లు అడిగితే, సుందరలక్ష్మి తన తమ్ముణ్ణీ మరదలినీ కూర్చోబెట్టి, వెనకే నిలబడింది. పంపించేటప్పుడు పద్మప్రియ ఆమె చేతులు పట్టుకుని, "నాతో పాటు వచ్చేయి అత్తా, ఆయన కూడా రమ్మంటాండాడు" అంది.

"వస్తాలే. అంగట్లో సరుకు అమ్మినాక వస్తా."

ఆమె పోదని ఇద్దరికీ తెలుసు.

చైత్రంలో ఒక మధ్యాహ్నం, ఎండకు వీధిలో మనిషి లేనప్పుడు, అంగడి ఫోను మోగింది. సుందరలక్ష్మి ఎత్తింది. అవతల ఊపిరి ఒక్కటే వినపడింది. ఆ ఊపిరి వినగానే ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"అమ్మా."

ఆమె కళ్లు మూసుకుంది.

"అమ్మా, నేను తేజాని. మనూరోడు ఎవరో ఫ్లెక్సీ ఫోటో వాట్సాపులో పెట్టినాడు, తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చింది. నేను బతికే ఉండానమ్మా. నాకేమీ కాలేదు. అమ్మా, వింటాండావా?"

తిన్నావా అని అడగాలనిపించింది. యాడుండావు, ఎవరు వండిపెడతాండారు, ఎందుకు పోతివి, నేనేం చేస్తిని. ఇన్ని మాటలూ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. ఎదురుగా పేర్లు కొట్టే మిషను మీద గుడ్డ కప్పి ఉంది. వీడు బతికున్నాడని బయటపడితే, ప్రొద్దుటూరులో ఆ పిల్ల మెడలో ఉన్న తాళి ఏమవుతుంది?

"ఆ పిల్లోడు పోయినాడప్పా," అంది. "దినాలు కూడా అయిపోయినాయి. ఆయన భార్య ఇంకో ఇంట్లో దీపం పెట్టుకుంది. బాగుండాది. ఆమె దోవకు ఎవురూ పోగూడదు."

"నువ్వు మా అమ్మవేనా?" అన్నాడు తేజేశ్వర్. గొంతు చిన్నపిల్లవాడిది అయిపోయింది.

"నేను ఆ పిల్లోని అమ్మనే."

"అమ్మా..."

"నువ్వు ఎవురో గానీ, ఇంగ ఈ నెంబరుకు చేయొద్దు నాయనా." అలవాటుగా చల్లగా ఉండు అని దీవెన నాలుక మీదికి వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది. "యాడున్నా ఎచ్చగా ఉండు," అంది. "ఎచ్చగా ఉండు నాయనా."

ఫోను ఆమె పెట్టలేదు. పెట్టడానికి చేయి రాలేదు. అవతల అతనే ఎంతసేపో ఏడ్చి, చివరికి పెట్టేశాడు. ఆ తర్వాత కూడా సుందరలక్ష్మి దాన్ని చెవికి ఆనించుకునే కూర్చుంది.